మా తమ్ముడి పెండ్లికి పోతున్న

పోయిన ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే మా మామ ఫోన్ చేశాడు. పేపర్లో ఇంద్రవెల్లి స్తూపం ఫోటో చూశాడట. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో పోయిన గోండుల కోసం ఆదిలాబాద్ జిల్లాలో కట్టిన స్తూపం అది. బంతిపూల దండలు, జెండాలు, ముందు వరసలో నాయకులు. "ఇంకెన్నేండ్లు జేస్తర్రా ఇది? చచ్చినోళ్ల మనవళ్లకు గూడ పెండ్లిళ్లయిపాయె. జరిగిందేదో జరిగింది. ఇంట్ల దండం పెట్టుకోవచ్చు గద, రోడ్డు మీద ఎందుకు?" అన్నాడు.

ఇదే మాట ఇంకెవరైనా అంటే విని ఊరుకునేవాణ్ణి. మామ పోలీసు ఆర్ముడ్ రిజర్వులో పనిచేసి రిటైరయ్యాడు. ఏప్రిల్ 20 బందోబస్తుకు ఆయన్ను ఇంద్రవెల్లికి ఆరేడు సార్లైనా పంపి ఉంటారు. ఆదిలాబాద్ ఎండలో, నెత్తిన హెల్మెట్‌తో, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడిన మనిషి. ఆయన విసుగులో సగం ఆ ఎండదే అని నాకు తెలుసు. అందుకే అప్పటికేదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. "రోడ్డు మీద ఎందుకు" అన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. చనిపోయినవాళ్లను ఇంట్లో తలచుకోవడానికీ, వాళ్లు చనిపోయిన చోట నలుగురితో కలిసి తలచుకోవడానికీ అంత తేడా ఉందా? ఉంటే దానికోసం కొట్లాడాలా?

కొట్లాడాలనే అంటాను. కానీ మామతో మాట్లాడినప్పుడల్లా నా వాదనలో ఏదో ఒక మేకు ఊడిపోతుంటుంది. ఆ మేకులతో సహా రాద్దామని కూర్చున్నాను.

బస్సులో దండ

చాలా ఏళ్ల కిందట, తెలంగాణ రాకముందు, ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు బస్సులో వెళ్తున్నాను. సొంత పని మీద పోతున్నాను, ఆరోజు తారీఖు ఎంతో కూడా పట్టించుకోలేదు. గుడిహత్నూర్ దాటాక బస్సు ఆపారు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కి సంచులు చూడటం మొదలుపెట్టారు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన. తెల్ల ధోతి, తలకు రుమాలు, ఒళ్లో ఎరువుల బస్తాతో కుట్టిన సంచి. కానిస్టేబుల్ దాని మూతి విప్పి చూశాడు.

"ఏముంది ఇండ్ల?"

"పూలదండ."

"ఎందుకు?"

"మా తమ్ముడి పెండ్లికి పోతున్న."

పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. కానిస్టేబుల్‌కు పాతికేళ్లు ఉంటాయో లేదో. కాసేపు ఆయన ముఖంలోకే చూసి, "గీ వయసుల తమ్ముడికి పెండ్లా?" అన్నాడు.

"లేటయింది" అన్నాడు పెద్దాయన.

వెనక సీట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. కానిస్టేబుల్ కూడా నవ్వాపుకున్నట్టే అనిపించింది. సంచి మూతి తనే మళ్లీ ముడేసి దిగిపోయాడు. బస్సు ఇంద్రవెల్లిలో ఆగలేదు. చాలా దూరం పోయాక ఆగితే పెద్దాయన దిగాడు. ఆయన వెనకే అలాంటి సంచులే పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఎందుకిలా అని కండక్టర్‌ను అడిగితే, "ఇయ్యాల ఏప్రిల్ ఇరవై గద సార్" అన్నాడు, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

ఆయన దండ స్తూపం దాకా చేరిందో లేదో నాకు తెలియదు. చేరకపోయే ఉంటుంది. నాకు బాగా గుర్తుండిపోయింది ఆ అబద్ధం. ఏటా ఆ రోజు స్తూపం దగ్గరికి పోనివ్వని నిషేధం ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టలేకపోయింది, దండ కొనకుండా ఆపలేకపోయింది. తమ్ముడు చచ్చిపోయాడని చెప్పాల్సిన చోట తమ్ముడికి పెళ్లని చెప్పించగలిగింది, అంతే. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆ తోవలో ఏటా ఆ ఒక్కరోజు ఎంతమంది పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, చుట్టాలిళ్లకు పోతున్నామని చెప్పి ఉంటారో.

ఒక్కో ఇంట్లో ఒక్క చావు

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. భూముల పట్టాలు, షావుకార్ల అప్పులు, అడవి అధికారుల వేధింపులు, అన్నీ తెలిసినవే. సభకు ముందు సరేనన్న అధికారులు తర్వాత కాదన్నారు, జనం గుమికూడొద్దని 144 సెక్షన్ పెట్టారు. ఆ కబురు గూడేలన్నిటికీ చేరలేదు. అంగడికి ఉప్పు, కారం కోసం వచ్చినవాళ్లెవరో, సభకు వచ్చినవాళ్లెవరో విడదీసి చెప్పగలిగే స్థితి లేదు. అప్పుడు ముఖ్యమంత్రి అంజయ్య. పోలీసు కాల్పుల్లో చనిపోయింది పదమూడు మంది అని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాలు అరవై దాకా అన్నాయి. ఇంకా పెద్ద అంకెలు చెప్పేవాళ్లున్నారు. తూటా దెబ్బలతో అడవిలో పడి గూడేలకు పోయి అక్కడే ప్రాణం విడిచినవాళ్లను ఎవరు లెక్కపెట్టారని వాళ్ల ప్రశ్న.

మామ ప్రశ్నకు నాకు మొదట దొరికిన జవాబు ఈ అంకెల దగ్గరే. ఇంట్లో దండం పెట్టుకుంటే ఒక్కో ఇంటికి ఒక్క చావే తెలుస్తుంది. మా అన్న పోయాడు, మా నాన్న పోయాడు. ఒక గూడెంలో ఒకటి, ఇంకో గూడెంలో రెండు. అవన్నీ ఒకచోటికి వస్తేనే అది లెక్క అవుతుంది. మీ ఊళ్లో ఎంతమంది, మా ఊళ్లో ఎంతమంది అని ఒకరినొకరు అడగాలంటే ఒక రోజూ ఒక చోటూ ఉండాలి. పదమూడు అన్న అంకె నిజమైతే ఆ కలయిక దాన్నే బలపరిచేది. అబద్ధమైతే పదేళ్లు తిరక్కుండానే బయటపడేది. ఏటా ఆ ఒక్కరోజు వాళ్లను కలవనివ్వకపోతే అంకె రెండు రకాలుగానూ తేలదు. నలభై ఏళ్లుగా తేలలేదు కూడా. ఆ చావులు చూసిన తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇక తేలేదేమీ ఉండదని నా భయం.

జలియన్‌వాలాబాగ్‌కు బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ చెప్పిన అంకె 379. కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా అంది. వందేళ్లు దాటినా ఆ వాదన నడుస్తూనే ఉంది, ఎందుకంటే ఆ తోటలోకి పోయి గోడ మీద తూటా గుంతల్ని చూడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. చైనా సైన్యం నిరసనకారుల మీద కాల్పులు జరిపిన తియనన్మెన్ సంగతి చూడండి. 1989 జూన్ 3 రాత్రి బీజింగ్‌లో పదిహేడేళ్ల కొడుకును పోగొట్టుకున్న ప్రొఫెసర్ డింగ్ జిలిన్, తనలాంటి తల్లులతో కలిసి పేర్లు పోగుచేయడం మొదలుపెట్టింది. ఇంటింటికీ తిరిగి, పోలీసు కాపలాల మధ్య, ఏళ్ల తరబడి పోగుచేస్తే రెండు వందలకు కాస్త పైగా పేర్లు దొరికాయి. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద ఘటనకు, ఆ తల్లులు చేత్తో రాసుకున్న జాబితాయే ఉంది. బహిరంగంగా ఒక్కసారి "మీవాళ్లు పోయినవాళ్లంతా రండి" అని పిలిచే వీలుంటే ఆ పని ఒక్క సాయంత్రంలో అయ్యేది.

పక్కవాడి తూటా

ఇంద్రవెల్లికి కొంత దూరంలో, అదే గోండుల నేల మీద, జోడేఘాట్ ఉంది. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం చనిపోయిన చోటు. అక్కడ ఇప్పుడు మ్యూజియం ఉంది, విగ్రహం ఉంది, ఆశ్వయుజ పౌర్ణమికి ప్రభుత్వమే వర్ధంతి జరుపుతుంది, జిల్లాకే ఆయన పేరు పెట్టారు. బాగుంది. జరగాల్సిందే. కానీ జోడేఘాట్‌లో భీం అడిగిందీ ఇంద్రవెల్లిలో అడిగిందీ ఒకటే భూమి, ఒకటే అడవి. చంపింది రెండుచోట్లా పోలీసు తూటాయే. మరి ఒకచోట అధికారులు దండ వేస్తుంటే రెండోచోట అదే అధికారులు 144 కాగితం మీద సంతకం ఎందుకు పెడుతూ వచ్చారు?

జవాబు అందరికీ తెలిసిందే. జోడేఘాట్‌లో కాల్చింది నిజాం. ఇంద్రవెల్లిలో కాల్చింది మనం ఓటేసిన ప్రభుత్వం.

ఒకసారి ఇలా చూడటం మొదలుపెడితే ఇక ఆగదు. 2024 జూలైలో కేంద్రం గెజిట్ ఇచ్చి జూన్ 25ను సంవిధాన్ హత్యా దివస్, అంటే రాజ్యాంగ హత్య దినం అంది. ఎమర్జెన్సీ దుర్మార్గమే, దాన్ని గుర్తుచేసుకోవాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ నోటిఫికేషన్ ఇచ్చింది ఎమర్జెన్సీలో జైళ్లకు పోయినవాళ్ల వారసులు. గన్‌పార్కు స్తూపం 1969 ఉద్యమంలో పోలీసు కాల్పులకు బలైనవాళ్లది. ఎక్కా యాదగిరిరావు చేసిన ఆ స్తూపం దగ్గర ఇవాళ ఏ పార్టీ ప్రభుత్వమైనా జూన్ 2 పొద్దున తలవంచి వెళ్తుంది, ఎందుకంటే ఆనాటి ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రానిది, అంటే ఇప్పుడు ఎవరిదీ కాదు. ప్రతి ప్రభుత్వానికీ జ్ఞాపకశక్తి బ్రహ్మాండంగా ఉంటుంది, పక్కవాడి తూటా విషయంలో. కాబట్టి స్మరించుకునే హక్కు ఉందా లేదా అని పరీక్షించాలంటే జోడేఘాట్‌లోనో గన్‌పార్కులోనో చూస్తే తేలదు. అధికారంలో ఉన్నవాడికి ముఖం చెల్లని తారీఖున చూడాలి.

దీనికి ఒక అడ్డంకి నాకే తోచింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురు పోయారు. 2007 జూలై 28న ముదిగొండలో భూమి అడిగినందుకు ఏడుగురు పోయారు. రెండుచోట్లా ఏటా వామపక్షాలు సభ పెడతాయి, దండలు వేస్తాయి, మైకులో తిడతాయి, ఇళ్లకు పోతాయి. ఆ రెండుసార్లూ కాల్చింది మనం ఎన్నుకున్న ప్రభుత్వాలే. మరి అక్కడ ఎవరూ బారికేడ్లు కట్టలేదు కదా?

ఈ అడ్డంకి చివరికి నా వైపే వచ్చింది. అక్కడ ఏటా గుర్తుచేసుకుంటే ఏం మునిగింది? ఏ పాత గాయం రేగి ఊళ్లు తగలబడ్డాయి? ఏమీ కాలేదు. పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది, అంతే. అంటే భయం స్మరణ వల్ల కాదు, స్మరించేది ఎవరన్నదాని వల్ల. అసెంబ్లీలో సీటున్న పార్టీ పెడితే అది వర్ధంతి. గోండు గూడేల నుంచి నడిచివస్తే అది శాంతిభద్రతల సమస్య.

మామ మాటల్లో నిజం

ఇక మామ వైపు. ఆయన మాటలు తీసిపారేసేవి కావు.

"ఆ స్తూపం ఎవరు కట్టిన్రో తెల్వదా నీకు? ఏప్రిల్ ఇరవై అంటే అప్పుడు వాల్‌పోస్టర్లు ఎవరేస్తుండిరి? మందుపాతర్ల కాలం రా అది. దండల సంచిల ఏముందో చూడకుండ పంపియ్యాల్నా?" అని అడిగాడు ఒకసారి. నిజమే. నక్సలైట్లు బలంగా ఉన్న ఎనభైల్లో, తొంభైల్లో ఆదిలాబాద్ అడవుల్లో బందోబస్తు అంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. ఆయన బ్యాచ్‌మేట్ ఒకరు తిరిగిరాలేదు. ఆ స్తూపాన్ని కూడా ఆ రోజుల్లోనే ఒకసారి ఎవరో పేల్చేశారు, మళ్లీ కట్టారు. అలాంటి కాలంలో సంచి వెతకడాన్ని నేను తప్పుపట్టను. బస్సులో ఆ కుర్ర కానిస్టేబుల్ చేసింది కూడా అదే, మర్యాదగానే చేశాడు. వెతికి పంపించి ఉంటే పోయేది. వెతికాక కూడా పంపలేదు, అదీ నా గొడవ.

పైగా మందుపాతర్ల కాలం పోయాక కూడా ఆంక్షలు ఒక్కసారిగా పోలేదు. తెలంగాణ వచ్చాక కూడా వెంటనే పోలేదు. కారణం మారింది గానీ కాగితం మారలేదు. ఏ నిషేధానికైనా కారణం వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు. హాంగ్‌కాంగ్‌లో 1990 నుంచి 2019 దాకా ప్రతి జూన్ 4 సాయంత్రం విక్టోరియా పార్కులో వేలమంది కొవ్వొత్తులతో కూర్చునేవాళ్లు. 2020లో కరోనా అని ఆపారు. 2021లోనూ కరోనాయే. కరోనా పోయింది, కొవ్వొత్తులు తిరిగిరాలేదు. జనాన్ని రమ్మని పిలిచిన లాయర్ చౌ హాంగ్ తుంగ్ జైలుకు పోయింది. 2023 నుంచి ఆ రోజుల్లో ఆ పార్కులో తిండి స్టాళ్ల జాతర పెడుతున్నారు. మన 144 కంటే ఇది తెలివైన పద్ధతి అని ఒప్పుకోవాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 144 అనేది హఠాత్తుగా ముంచుకొచ్చే ప్రమాదానికి పెట్టుకున్న సెక్షన్. 2024 జూలై నుంచి దాని నంబరు 163, సరుకు అదే. ఆ ఉత్తర్వును మామూలుగా రెండు నెలలకు మించి ఉంచడానికి లేదు. న్యాయమైన అభిప్రాయాన్ని, ఫిర్యాదును నొక్కడానికి దాన్ని వాడకూడదనీ, అదేపనిగా మళ్లీ మళ్లీ పెట్టడం అధికార దుర్వినియోగమనీ 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాలెండర్‌లో ఏడాది ముందే అచ్చయి ఉన్న తారీఖు ముంచుకొచ్చే ప్రమాదం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. 1981లో ఆ సభను ఆపిందీ ఆ సెక్షనే. సభలో పోయినవాళ్లకు పూలు పెట్టనివ్వనిదీ అదే సెక్షను.

మామ ఇంకో మాట అన్నాడు. "మావోళ్లు పోలేదా? వాళ్లను ఎవరు తలుచుకుంటరు?" తలచుకుంటారు మామా, అన్నాను. 1959 అక్టోబర్ 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు, అప్పట్నుంచి దేశమంతా ఆ తారీఖున ప్రతి జిల్లా పరేడ్ గ్రౌండ్‌లో ఆ ఏడాది పోయిన పోలీసుల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. నువ్వే తలవంచి నిలబడ్డావు కదా. ఇంట్లో దండం పెట్టుకోమని మిమ్మల్ని ఎవరూ అనలేదు కదా. "అది వేరు రా. మేం డ్యూటీల పోయినోళ్లం" అన్నాడు. నేను పొడిగించలేదు. పేర్లు చదివే ఆ నిమిషం ఆయనకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి నన్ను తీసుకుపోయాడు. బ్యాచ్‌మేట్ పేరు వచ్చినప్పుడు ఆయన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

మామకు నేను జవాబు చెప్పలేకపోయింది వేరే ప్రశ్నకు. "ఇన్‌ఫార్మర్ అని అన్నలు గొంతు కోసిన గోండులకు స్తూపం ఏదిరా?" నా దగ్గర జవాబు లేదు. వాళ్లూ ఆదివాసీలే, అదే గూడేల వాళ్లు. వాళ్ల కోసం పెట్టిన సంస్మరణ సభ ఒక్కదానికీ నేను పోలేదు. పిలవలేదు గనక పోలేదని చెప్పుకోవచ్చు గానీ, జరుగుతుందేమోనని నేను కనుక్కున్నదీ లేదు. నేను మాట్లాడే హక్కు నాకు నచ్చిన శవాలకే అయితే, జోడేఘాట్‌లో దండ వేసి ఇంద్రవెల్లిలో బారికేడ్ కట్టే అధికారికీ నాకూ తేడా లేదు.

ఇదే మాట 1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17కు కూడా వర్తిస్తుంది. ఆ రోజును విమోచనం అనాలా, సమైక్యత అనాలా, ఇంకేదైనా అనాలా అని పార్టీలన్నీ గొంతు చించుకుంటాయి. ఆ తారీఖు తర్వాత రోజుల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా జిల్లాల్లో ముస్లింలకు ఏం జరిగిందో కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా చనిపోయి ఉంటారని దాని అంచనా. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనానికి అందలేదు. ఆ చావులకు ఏ పార్టీ దగ్గరా తారీఖు లేదు. రజాకార్ల చేతుల్లో పోయిన బైరాన్‌పల్లి వాళ్లకు స్తూపం ఉంది, ఉండాలి. రెండో రకం వాళ్లకు ఎవరైనా కట్టబోతే మనలో ఎంతమంది ఊరుకుంటారు? ఈ ప్రశ్న మామను అడగలేదు. నన్ను నేను అడుక్కుని పక్కన పెట్టేశాను, నిజం చెప్పాలంటే.

స్మరణ ఎప్పుడూ శాంతంగానే ఉంటుందని కూడా నేను అనను. 2017 చివర్లో ఉట్నూరు చుట్టూ ఆదివాసీలకూ లంబాడాలకూ గొడవలై, ఇంటర్నెట్ బంద్ చేసే దాకా పోయింది. అలాంటి వాతావరణంలో ఏ సభైనా, ఏ విగ్రహమైనా నిప్పు రవ్వే. అప్పుడు ఏ టైముకు రావాలి, ఎటునుంచి రావాలి అని పోలీసులు చెప్పడం వేరు, రానే రావద్దనడం వేరు. జాతరకు లక్షలమందిని క్యూలో నడిపించే యంత్రాంగానికి, స్తూపం దగ్గరికి కొన్ని వేలమందిని నడిపించడం రాదంటే నేను నమ్మను. కేస్లాపూర్ నాగోబా జాతర జరిగేది ఆ మండలంలోనే.

ముందు వరస కుర్చీలు

ఇప్పుడు కాలం మారింది. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లి వచ్చి స్తూపం దగ్గర నివాళి అర్పించాడు, స్మృతివనానికి శంకుస్థాపన చేశాడు. కాల్పులప్పుడు అధికారంలో ఉన్న పార్టీయే ఆయన పార్టీ. పక్కవాడి తూటానే గుర్తుంటుందన్న నా మాటకు ఇది మినహాయింపు, ఒప్పుకుంటాను. నలభై మూడేళ్లు పట్టిందనీ, ఆనాటి నాయకుల్లో జవాబు చెప్పాల్సినవాళ్లు ఇప్పుడు లేరనీ గొణుక్కోవచ్చు. అయినా వచ్చాడు. రాకపోవడం కంటే రావడం మేలు.

నా చికాకు వేరు. మామ చూసిన ఆ పేపర్ ఫోటో నేనూ చూశాను. ముందు వరసలో ఖద్దరు చొక్కాలు, వాళ్ల వెనక గన్‌మెన్లు. ఆ రోజు పోయినవాళ్ల చుట్టాలెవరో గుర్తుపట్టడానికి ఫోటోను దగ్గరికి తెచ్చుకుని చూడాల్సి వచ్చింది. ఎక్కడో అంచున, సగం కనిపిస్తూ, ముసలి ముఖాలు రెండు మూడు. ఇన్నాళ్లూ రానివ్వని చోట ఇప్పుడు వాళ్లు అతిథులు. పిలిస్తే వస్తారు, మైకు ఇస్తే రెండు నిమిషాలు మాట్లాడతారు. రేపు ఇంకో ప్రభుత్వం వస్తే పిలవకపోవచ్చు, మళ్లీ కాగితం మీద సంతకం పడొచ్చు. ఒకరు దయతలచి ఇచ్చిన వర్ధంతిని ఇంకొకరు వెనక్కి తీసుకోగలరు. స్మృతివనం సంతోషమే. కానీ నాకు కావాల్సింది అంతకంటే చిన్నది, బహుశా ప్రభుత్వాలకు అంతకంటే కష్టమైనది. ఏప్రిల్ 20న ఒక ముసలాయన దండ చేత్తో పట్టుకుని బస్సెక్కి, టికెట్ కొట్టేటప్పుడు కండక్టర్‌తో "ఇంద్రవెల్లి, స్తూపం కాడ" అని చెప్పాలి. ఎవరి ఫోటోలోనూ పడకుండా దండ పెట్టేసి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి పోవాలి.

ఇదంతా రాసేముందు మామకు ఫోన్ చేశాను. సగం వాదన, సగం కబుర్లు. బందోబస్తు గురించి అడిగితే, ఎక్కడ నిలబెట్టేవాళ్లో, నీళ్ల ప్యాకెట్లు ఎన్నింటికి వచ్చేవో, ఎండకు బూట్ల అడుగు ఎలా మెత్తబడేదో చెప్పుకొచ్చాడు. అంత సేపు స్తూపం దగ్గరే ఉన్నావు కదా, దాన్ని చూస్తే నీకు ఏమనిపించేది అని అడిగాను.

"దాన్నేడ చూసిన? మేం రోడ్డు దిక్కు జూసి నిలవడాలె. అది మా ఈపు ఎనక ఉండేది" అన్నాడు. కాసేపు ఆగి, "ఏం రాసుందిరా దాని మీద?" అని అడిగాడు.

నా దగ్గరున్న ఫోటో వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే జవాబు వచ్చింది. అక్షరాలు చిన్నగా ఉన్నాయి, చదవరావట్లేదు, దగ్గర్నుంచి తీసింది ఉంటే పంపు అని.